శుభ్రమైన కరెంటును తుడిచిందెవరు

జగిత్యాలలో మా ఆయన వాచ్‌మన్‌గా పనిచేసే కాలేజీకి ఒకరోజు ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో వేలాడే కార్డు, చేతిలో ఎర్రలైటు పుల్ల. ఆ పుల్లతో గోడమీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. ఆయన కూర్చునే కుర్చీ, పిల్లలు కూర్చునే కుర్చీలు పొద్దున్నే మా ఆయనే తుడిచి వేశాడు. నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకొని వెళ్ళి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను.

"అణు విద్యుత్తంత శుభ్రమైన విద్యుత్తు ఇంకొకటి లేదు. పొగ లేదు, మసి లేదు, బూడిద కుప్పలు లేవు. అన్నీ లెక్కేసి చూస్తే చవక కూడా" అంటున్నాడు ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని, అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పేదాన్ని. సభలో ఎట్లా మాట్లాడాలో తెలియనిదాన్నేం కాదు. కానీ ఆ నిమిషం మర్యాద ఎక్కడికో పోయింది. "ఎవలు తుడిస్తె శుభ్రమైంది సార్ అది?" అని అరిచాను.

పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వి, "మీరు ఏ డిపార్టుమెంటు అమ్మా?" అని అడిగాడు. "అన్నం తెచ్చినామె సార్" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. మా ఆయన నా చెయ్యి పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. "నా నౌకరి తీపిస్తవా ఏందే?" అని గేటు దాకా తిడుతూనే ఉన్నాడు. అక్కడ చెప్పనివ్వలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. మా ఆయన చావలేదు. చచ్చిపోయాడని రాస్తే చదివేవాళ్ళు అయ్యో అంటారు, నమ్ముతారు. బతికున్న మనిషి గురించి చెబితే "మరి బాగానే ఉన్నడు గద" అంటారు. ఈ మాట మా చుట్టాలు అన్నారు, డాక్టర్లు అన్నారు, మా అత్తగారి తమ్ముడైతే ఇప్పటికీ అంటాడు. శవం చూపిస్తే తప్ప నష్టం జరిగినట్టు ఒప్పుకోని మనుషులతో నాకు మాటల్లేవు.

బతుకుదెరువుకు ఇప్పుడు జగిత్యాల వచ్చాం గానీ, మాది తంగళ్ళపల్లి. మానేరు వాగు దాటితే సిరిసిల్ల. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటారు. మా వాడలో మగవాళ్ళు సాంచాలు నడిపేవాళ్ళు, మేము ఇంట్లో కూర్చొని వాటికి కావలసిన దారాన్ని కండెలకు చుట్టేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు తలనొప్పి వచ్చేది. తరువాత, కరెంటు పోయి సాంచాలు ఆగితేనే తలనొప్పి వచ్చేది. కాబట్టి కరెంటు వద్దని నేను ఎన్నడూ అనను. మా పొయ్యి వెలిగిందే కరెంటుతో.

సాంచా మీద నాడె అటూ ఇటూ ఉరుకుతుంటుంది. దాని కడుపులో దారం కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, నాడె పక్కనుండే సన్నని కన్నానికి నోరు ఆనించి ఒక్క గుక్క పీలుస్తారు. దారం కొస బయటికొస్తుంది. పోగు తెగితే ముడి వేసి, మిగిలిన కొసను పళ్ళతో కొరికేస్తారు. కత్తెర ఎక్కడుందని వెతికేలోపు బట్ట చెడిపోతుంది మరి. చేతులు రెండూ సాంచా మీదే ఉంటాయి, అందుకని నోరే వాళ్ళకు మూడో చెయ్యి. మా ఆయనైతే బీడీ కట్ట విప్పాలన్నా, పాల ప్యాకెట్టు చింపాలన్నా, పాప జడకు రబ్బరు బ్యాండు వెయ్యాలన్నా ముందు దాన్ని పళ్ళ మధ్య పెట్టేవాడు. "గా నోట్లె ఏం వెట్టకయ్యా" అని నేను ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు. అసలు పెడుతున్నట్టు ఆయనకే తెలిసేది కాదు.

సాంచాలు ఆగిపోయిన కాలం గురించి మళ్ళీ చెప్పనవసరం లేదు. ఆర్డర్లు లేవు. నేసిన బట్ట గోదాముల్లో మూలిగింది. వాడలో రోజుకొక ఇంటికి తాళం పడింది. కొందరు భీవండి పోయారు, కొందరు సూరత్ పోయారు, పోలేనివాళ్ళు ఉరేసుకున్నారు. అట్లాంటప్పుడు దుబాయికి మనుషుల్ని పంపే ఏజెంటు ఒకాయన జగిత్యాల నుంచి మా వాడకు వచ్చాడు.

"దేశం దాటేది లేదు, వీసా లేదు. సముద్రం ఒడ్డుకు కరెంటు ఫ్యాక్టరీ. ఏడాదికోసారి బందు వెట్టి సాఫ్ జేస్తరు. షట్‌డౌన్ అంటరు దాన్ని. తుడుసుడు, మోసుడు, గంతే. సాంచాలోళ్ళు సన్నగుంటరు, ఇరుకుల దూరుతరు, మీకే మంచిగ పనికస్తది" అన్నాడు.

అది ఏ రాష్ట్రంలో ఉందో రాయను. రాస్తే ఆ ఒక్క చోటే పాపం జరిగినట్టు, మిగతావన్నీ గుళ్ళూ గోపురాలూ అన్నట్టు ఉంటుంది.

మా ఆయన పోయాడు. వాడ నుంచి ఇంకా కొందరు పోయారు. మొదటి షట్‌డౌన్ అయ్యాక తిరిగొచ్చినప్పుడు పాపకు గౌను, నాకు గోడ గడియారం తెచ్చాడు. అక్కడి పని ఎట్లా ఉంటుందో అప్పుడే చెప్పాడు. తెల్ల బట్టలు వేస్తారు, చేతులకు గ్లౌజులు, మణికట్టు దగ్గర సందు లేకుండా టేపు. జేబుకు ఒక బిళ్ళ పెడతారు. ఒంటికి ఎంత తగిలిందో ఆ బిళ్ళ చెబుతుంది. మనిషికి ఇంత అని కొలత ఉంది. అది నిండిందంటే వాణ్ని పక్కకు తప్పించి కొత్తవాణ్ని లోపలికి పంపుతారు. చదువుకున్న ఇంజినీరుకు కొలత నిండితే ఏడాదంతా పని ఆగుతుందని, వాళ్ళను జాగ్రత్తగా వాడుకుంటారట.

"నీళ్ళ నల్ల కింద బిందెలు వెట్టినట్టేనే. ఒకటి నిండితె పక్కకు జరిపి ఇంకోటి వెడ్తరు" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. "మరి నీ బిందె ఎంత నిండింది?" అని అడిగాను.

"నాకేం ఎర్క? గాళ్ళ కంప్యూటర్ల ఉంటది" అన్నాడు.

రెండోసారి పోవద్దని పోరాడాను. మూడు పూటలా సాంచాలు నడిచే ఇల్లయితే నా మాట నెగ్గేది. ఆయన పోయాడు. పాప అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టింది.

కబురు ఫోనులో వచ్చింది. పనిలో చిన్న ఇబ్బంది జరిగింది, ఇంటివాళ్ళు వచ్చి మనిషిని తీసుకుపొమ్మన్నారు. మా తమ్ముడు భీవండిలో ఉండి వచ్చినవాడు, హిందీ వచ్చు. పాపను మా అమ్మ దగ్గర దించి, వాణ్ని వెంట తీసుకొని రైలెక్కాను.

దిగేసరికి ఆ చోటు చాలా అందంగా ఉంది. అందుకే నాకు ఇంకా కోపం. పచ్చని గడ్డి, వరసగా కొబ్బరి చెట్లు, ఎక్కడా మసి లేదు. దూరంగా పెద్ద గుమ్మటం. ఆ పెద్దమనిషి చెప్పింది అక్షరాలా నిజం, పొగ లేదు. మా ఊళ్ళో ఇటుకబట్టీని చూసినా దూరం నుంచే తెలుస్తుంది, అటు పోవద్దని. దీన్ని చూస్తే ఎటు పోవద్దో తెలియలేదు.

మా వాడవాళ్ళు అద్దెకున్న గది ఒక చేపలు పట్టే ముసలామెది. ఆమె సొంత ఊరు ఇప్పుడు ఆ ప్రహరీగోడ లోపల ఉంది. దానికి బదులు వరసగా కట్టిన కాలనీలో ఒక ఇల్లు ఇచ్చారు. సముద్రం అక్కడి నుంచి కనిపించదు. మా తమ్ముడు హిందీలో అడుగుతుంటే ఆమె మమ్మల్ని నడిపించుకొని తీసుకుపోయి, ఫ్యాక్టరీ నుంచి సముద్రంలోకి పోయే కాలువ చూపించింది. చెయ్యి పెట్టమంది. పెట్టాను. బాలింతకు కాచిన నీళ్ళలాగా వెచ్చగా ఉన్నాయి. గుడ్లు పెట్టే చేపలు ఈ వైపు రావడం మానేశాయని, ఉన్నవాటి కోసం పడవలు చాలా దూరం పోవాలని, అంత దూరం పోయే డీజిలు తమ దగ్గర లేదని చెప్పింది. ఆమె కొడుకులు కూడా ఇప్పుడు లోపల చీపురు పడుతున్నారు. చేపలు పట్టినవాళ్ళు, బట్ట నేసినవాళ్ళు, అందరూ చివరికి ఆ గుమ్మటం కిందే తేలారు.

"సముద్రాన్ని కూడ కాగవెట్టిండ్రు గదా అక్కా" అన్నాడు మా తమ్ముడు. ఈ మాట వాడే అన్నాడు. తరువాత జరిగింది చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

గేటు దగ్గర ఒక సేఫ్టీ ఆఫీసరు వచ్చి మాట్లాడాడు. మన తెలుగువాడే, కోస్తా వైపు మాట. మర్యాదగానే కుర్చీ వేయించాడు. జరిగింది ఇది. ఆ పూట నేల తుడిచే పని కాబట్టి ముఖానికి మాస్కు ఇవ్వలేదు. మధ్యలో మా ఆయన మణికట్టు టేపు ఊడింది. కొత్త టేపు చుట్టుకోవాలి. గ్లౌజు వేళ్ళకు టేపు కొస దొరకలేదు. నోట్లో పెట్టి పళ్ళతో లాగాడు, చుట్టాడు, కొరికి తెంపాడు. బయటికొచ్చేటప్పుడు మనిషిని పరీక్షించే గేటులాంటి మిషను మోగింది. మూతి కడిగారు, మళ్ళీ మోగింది. పుక్కిలింపించారు, పళ్ళు తోమించారు, చిగుళ్ళు ఒరిసి రక్తం వచ్చేదాకా తోమించారు. తరువాత ఆయన పోసిన ఉచ్చంతా డబ్బాల్లో పట్టి పరీక్షకు పంపారు.

"ప్రమాదం ఏమీ లేదమ్మా. లోపలికి పోయింది చాలా తక్కువ, పరిమితిలోనే ఉంది. కానీ నోట్లో ఎవరు పెట్టుకోమన్నారండీ ఆయన్ని? మేం రూల్సు చెప్పాం కదా" అన్నాడు.

"ఏ భాషల చెప్పిండ్రు?" అని అడిగాను.

"హిందీలో వీడియో వేశాం."

"ఆయనకు హిందీ రాదు. వచ్చినా గంతే. పుట్టి బుద్ధెరిగిన కాన్నించి పళ్ళతోనే తెంపుతున్నడు. మీకు సాంచాలోళ్ళు గావాలె, సాంచాలోళ్ళ అలవాటు వద్దా?"

నాకు నోరు ఆగలేదు. "డబ్బాల్ల వట్టిన గా ఉచ్చ ఏం జేస్తరు?" అని అడిగాను. అలాంటివన్నీ భద్రంగా దాస్తామని చెప్పాడు. పరీక్షకు తీసినవి, తుడిచిన గుడ్డలు, గ్లౌజులు, ఆ టేపు ముక్క కూడా. లోపల కాలిన ఇంధనమైతే ఇంకా భద్రంగా దాస్తామన్నాడు.

"ఎన్నొద్దులు దాస్తరు?"

ఆయన కొంచెం నవ్వాడు. "రోజులు కాదమ్మా. మన మునిమనవల మునిమనవలు కూడా కాపలా కాయాల్సిందే."

కరెంటు వాడుకునేది మనం, కాపలా కాసేది ఇంకా పుట్టనివాళ్ళు. వాళ్ళ జీతం ఎవరిస్తారు సార్, ఆ చవక లెక్కలో రాశారా, అని అడగాలని అప్పుడు తట్టలేదు. జగిత్యాల కాలేజీలో అడగబోతే మా ఆయన ఈడ్చుకొచ్చాడు.

ఇంటికి తీసుకొచ్చాం. చేతికి కాగితం ముక్క ఇవ్వలేదు. మనిషి చూడటానికి బాగానే ఉన్నాడు. కానీ ఇంట్లోకి అడుగుపెట్టినప్పటి నుంచి వేరే కంచం, వేరే చెంబు పెట్టుకున్నాడు. అంతకుముందు పాప ఆయన కంచంలోనే తినేది. పప్పన్నం ముద్ద ఆయన సగం కొరికి మిగతా సగం దాని నోట్లో పెడితే తప్ప దిగేది కాదు. ఇప్పుడు అది దగ్గరికొస్తే "నా ఎంగిలి అద్దు బిడ్డా, పో" అని నెట్టేసేవాడు. అది ఏడ్చేది. ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకునేవాడు. ఆఫీసరు ఏమీ కాదన్నాడని నేను చెబితే, "ఏం గాకుంటె డబ్బాల్ల ఎందుకు వట్టిండ్రే?" అనేవాడు.

ఆ డబ్బాలు ఆయన తలలోంచి పోలేదు. ఒకరోజు ఉచ్చకని దొడ్లోకి పోయి చాలాసేపు ఊరికే నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగితే నా మొహం చూడకుండా, "ఆడనేమో గంత పైలంగ డబ్బాల్ల వట్టి దాస్తిరి. ఈడ మోరీల పోవాల్నా? మోరీ నీళ్ళు మానేట్లకే పోతయి గదనే" అన్నాడు. ఏం చెప్పాలి ఆ మనిషికి? అంత పెద్ద ఫ్యాక్టరీకి తెలియని జవాబు తంగళ్ళపల్లిలో నాకెట్లా తెలుస్తుంది? పొయ్యవయ్యా, ఏం గాదు, అని కసురుకున్నాను. కసురుకొని లోపలికొచ్చి ఏడ్చాను.

తరువాత నోట్లో పుండ్లు లేచాయి. సిరిసిల్లలో, కరీంనగర్‌లో చూపించాం. ప్రతి డాక్టరూ అడిగిన మొదటి మాట ఒక్కటే, "గుట్కా తింటవా?" తినడు. బీడీ తాగుతాడు. ఓహో బీడీనా, అయితే అదే, అనేవాళ్ళు. ఆ టేపు వల్లే వచ్చాయని నేను ప్రమాణం చెయ్యలేను. దానివల్ల రాలేదని వాళ్ళూ చెయ్యలేరు. కానీ అనుమానం మొత్తం మా ఇంట్లో పడుకుంది, ఫ్యాక్టరీలో కాదు.

ఇంతలో మళ్ళీ షట్‌డౌన్ కాలం వచ్చింది. ఏజెంటు మా వాడకు రాలేదు. మా వాడవాళ్ళే ఫోను చేశారు. "సాంచాలోళ్ళు అద్దు. నోటి అలవాటున్నోళ్ళు నాకద్దు. ఒక్కడు జేసిన పనికి నాకు పైనుంచి తిట్లు వడ్డయి" అన్నాడట. అంటే వాళ్ళు ఆ ప్రమాదం నుంచి నేర్చుకున్నది ఇది. మాస్కులు ఇవ్వడం కాదు, టేపు కొసకు మడత పెట్టి ఇవ్వడం కాదు. నేతవాళ్ళను మానేసి ఇంకో కులం కూలివాళ్ళను తేవడం.

వాడంతా మామీద పడింది. నల్ల దగ్గర నా బిందెను కాలితో జరిపారు. "నీ మొగడు మా నోటికాడి బువ్వ తీసిండు" అని ఒకామె మొహం మీదే అంది. ఆమె మగడూ పోయిన షట్‌డౌన్‌లో మా ఆయన పక్కనే తుడిచాడు. మా గుమ్మం ముందు ఎవరో రాత్రిపూట టేపు చుట్ట ఒకటి పారేసి పోయారు, పొద్దున్నే చూసి మా ఆయన దాన్ని పొయ్యిలో వేశాడు. ఫ్యాక్టరీని ఒక్క మాట అన్నవాడు లేడు. అంతా ఆయన నోరే తప్పు చేసింది.

అందరికంటే ఎక్కువ తిట్టింది మా తమ్ముడు. వాడికి పెళ్ళయి ఏడాది కాలేదు, మరదలికి నెల తప్పింది. సాంచా లేదు, భీవండిలోనూ పనులు మందగించాయి. ఈ షట్‌డౌన్‌కు పోతానని ముందే అనుకున్నాడు.

"గన్ని దినాలు మంచిగ జేసిండు, ఒక్క దినం పైలం లేకపాయె బావ. మేమందరం సావాల్నా గిప్పుడు?" అన్నాడు.

"సముద్రాన్ని కాగవెట్టిండ్రన్నది నువ్వే గాదుర తమ్మీ?"

"సముద్రం సంగతి నాకెందుకక్కా? నా ఇల్లు గడవాలె."

తరువాత వాడలో జరిగింది చూస్తే ఎవరికైనా పిచ్చి పట్టిందనిపించేది. నడుస్తున్న నాలుగు సాంచాల దగ్గర మగవాళ్ళు మూతికి తువాల కట్టుకొని పనిచేయడం మొదలుపెట్టారు. నోటి అలవాటు మానుకోవడానికి. దారం తెగినప్పుడు తల ముందుకు వంగేది, తువాల అడ్డుపడేది, నాలుక కరుచుకొని తమను తామే తిట్టుకునేవాళ్ళు. నాడెలోంచి దారం తీయడానికి ఇనుప కొక్కెం చేయించుకున్నారు. తాతల కాలం నుంచి ఎన్నడూ వద్దనుకోని అలవాటును ఆ ఫ్యాక్టరీ నేల తుడిచే పని కోసం మానుతున్నారు. మా తమ్ముడు అందరికంటే పట్టుదలగా చేశాడు. అన్నం తినేటప్పుడు తప్ప తువాల విప్పేవాడు కాదని మరదలు చెప్పింది.

ఆ మరదలే ఒకరోజు పొద్దున పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఏజెంటు కోరుట్లలో మనుషుల్ని ఏరుకుంటున్నాడని, మా తమ్ముడు ఎల్లంతకుంటలో కైకిలికి పోయే కూలి మనిషినని అబద్ధం చెప్పి పేరు రాయించుకున్నాడని, తెల్లారే బస్సెక్కి పోయాడని చెప్పింది. "ఆయన ఆపుతె ఆగడు వదినా. నువ్వు పో" అంది. ఆమె కడుపు అప్పుడే కొంచెం కనిపిస్తోంది.

మా ఆయనకు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చొని వింటూ, "వాన్ని పోనియ్యకు" అన్నాడు. వేములవాడ మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కాను.

బస్టాండు వెనక, మూతపడ్డ ఒక రైస్‌మిల్లు ఆవరణలో ఏరుతున్నారు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కోరుట్లవాళ్ళు, సౌదీ నుంచి వాపసొచ్చినవాళ్ళు, వరసకట్టి నిలబడ్డారు. మా తమ్ముడు చాలా ముందున్నాడు. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎండ మాడిపోతోంది. వాడి వెనక నిలబడ్డ మనిషి నన్ను చూసి, తన పక్కనున్న గోడ నీడలోకి రమ్మని చెయ్యి ఊపాడు.

"గీడ నిలవడక్కా. ఎవలకోసం అచ్చినవు?" అన్నాడు.

మా వాళ్ళ కోసం అని మాత్రం చెప్పాను. ఆయన ఈత చెట్లెక్కి కల్లు తీసే ఇంటి మనిషి. వానల్లేక చెట్లు పారడం లేదట, సౌదీ పోతే కంపెనీ మూతబడి తిరిగొచ్చాడట. ఇద్దరు బిడ్డలు. తన సీసాలోని నీళ్ళు నాకు తాగమని ఇచ్చాడు. మూతి ఆనించకుండా ఎత్తి తాగాను.

ఏజెంటు కుర్చీలో కూర్చొని పరీక్ష పెడుతున్నాడు. రెండు చేతులకూ గ్లౌజులు వేయిస్తాడు, టేపు చుట్ట ఇస్తాడు, చుట్టుకొని తెంపమంటాడు. ఎవరి చెయ్యి నోటి వైపు లేచినా "నువ్వు పో" అంటాడు. ఊరు మార్చి చెప్పి వచ్చిన మా వాడవాళ్ళు ఇద్దరు అట్లాగే వరసలోంచి వెనక్కి పోయారు, నా కళ్ళముందే. మా తమ్ముడి వంతు వచ్చింది. నేను మనసులో ఎంతమంది దేవుళ్ళకు మొక్కుకున్నానో చెప్పలేను. నోట్లో పెట్టురా, పెట్టురా తమ్మీ, అని. వాడి తల వంగింది. మెడ నరం బిగిసింది. ఆగాడు. గోటితో మెల్లగా కొస లేపి, చుట్టి, వేళ్ళతో పటుక్కున తెంపాడు.

"శాబాష్! గిట్లుండాలె" అన్నాడు ఏజెంటు. "గీయనతోని అయిపోయింది. మిగిలినోళ్ళు ఇగ ఇండ్లకు పోరి."

మా తమ్ముడు నా వైపు చూసి గెలిచినట్టు నవ్వాడు.

నేను కుర్చీ దగ్గరికి నడిచాను. "సేటూ, గీడు ఎల్లంతకుంటోడు గాదు. నా తమ్ముడు. తంగళ్ళపల్లి సాంచాలోడు. మీ మిషిను మొగిచ్చింది వీని బావనే. నమ్మకుంటె నోరు తెరిపిచ్చి ముందటి పండ్లు సూడు" అన్నాను.

దారం కొరికీ కొరికీ నేతవాళ్ళ ముందు పళ్ళలో సన్నని గాడి పడుతుంది. తువాల కట్టుకుంటే అది పోదు. ఏజెంటు మా తమ్ముడి దవడ పట్టుకొని, సంతలో ఎద్దును చూసినట్టు పెదవి పైకి లేపి చూశాడు. నేల మీద ఉమ్మి, "లంగ నా కొడుకా, పో" అన్నాడు.

"నువ్వు నా అక్కవేనా?" అన్నాడు మా తమ్ముడు. అందరి ముందూ అన్నాడు. వాడు ఈ రోజుకీ నాతో మాట్లాడడు. భీవండిలో రాత్రి పాళీ సాంచాలు నడుపుతాడు. కొడుకు పుట్టినప్పుడు, తొట్లెలో వేసినప్పుడు నాకు కబురు లేదు. అయినా సరే. ఎన్నిసార్లయినా ఆ పళ్ళు చూపిస్తాను.

ఏజెంటు వరస వైపు చూసి, "ఎన్కున్నోడా, నువ్వు రా. ఏం పని జేస్తవు?" అన్నాడు.

"ఈత చెట్లెక్కుత సేటూ" అని ఆ నీళ్ళిచ్చిన మనిషి ముందుకొచ్చాడు. గ్లౌజులు వేసుకున్నాడు. ఆయనకు దారాలతో ఏం పని, చక్కగా వేళ్ళతో తెంపాడు. పేరు రాసుకున్నారు.

మేము బస్సెక్కాం. మా తమ్ముడు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు, నేను వెనక కిటికీ దగ్గర. ఆ మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలోంచి నా చేతిలో అరటిపండ్లు పెట్టాడు. మొహమంతా చెమట, నవ్వు. అప్పుడే చెప్పొచ్చు, ఆ పని ఎలాంటిదో. బిళ్ళ గురించి, బిందెల గురించి, దొడ్లో నిలబడిపోయిన మనిషి గురించి. కానీ ఆయన వద్దంటే ఆ చోటు ఖాళీ అవుతుంది, మా తమ్ముడు ఇంకా బస్సు దిగగలిగేంత దూరంలోనే ఉన్నాడు. నేను పండ్లు ఒళ్ళో పెట్టుకొని ఊరుకున్నాను.

"నీ పుణ్యాన దొరికిందక్కా" అన్నాడు ఆయన, కదులుతున్న బస్సు పక్కనే నడుస్తూ. "నీ కడుపు సల్లగుండ!"